హిమా: కాపుదలలో ఉన్న నేల, దాని ప్రక్కన ఉన్న మనుషులు



గొలుగొండ నుండి కృష్ణదేవిపేట వైపు వెళ్లేవారికి జీడిమామిడి తోటలు, వాటి వెనుక కొండలు, ఆ కొండలపై ప్రభుత్వం కాపుదలలో ఉంచిన అడవి కనబడతాయి. తొలకరి రాగానే ఆ కొండల అంచులలో మొక్కలు నాటుదామని ఉత్సాహపడే యువకులు మన జమాఅత్‌లలోనూ ఉన్నారు. వారి సంకల్పం మెచ్చదగినది. అయితే కాపుదలలో ఉన్న నేలపై పదిమంది కలిసి తోట వేయడమంటే ఏమిటి, అది ఎవరి కొరకు, ఎవరి అనుమతితో, పండిన పండు ఎవరిది అన్న ప్రశ్నలు గుంత త్రవ్వడానికి ముందే అడగవలసినవి. ఈ వారం వాటినే పరిశీలిద్దాము.

ఈ ప్రశ్నలు గొలుగొండలో క్రొత్తవి కావు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఈ కొండలను రిజర్వు అడవులుగా మార్చింది. పోడు సేద్యం నేరమైంది. పశువులను మేపుకోవడానికీ, వంటచెరకు తెచ్చుకోవడానికీ ఆంక్షలు వచ్చాయి. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారి చేత రోడ్డు పనులు చేయించి న్యాయమైన కూలి ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం దాడి చేయడానికి వెనుక ఉన్న కారణాలలో ఇవి ముఖ్యమైనవి. 1924 మే 7న కాల్చి చంపబడిన ఆయన సమాధి నేడు కృష్ణదేవిపేటలోనే ఉన్నది.

ఆనాటి ప్రభుత్వం కూడా తాను అడవిని సంరక్షిస్తున్నాననే చెప్పింది. కాని ఆ సంరక్షణలో కలప లెక్కకు వచ్చింది, అడవి ప్రక్కన తరతరాలుగా బ్రతికిన మనిషి రాలేదు. అతడు తన కొండపైనే దొంగగా నిలబడవలసి వచ్చింది. నేలను కాపాడడమనే మాట వినగానే ఈ ప్రాంతపు వృద్ధులు కొందరు అనుమానంగా చూస్తే, ఆ చూపునకు నూరేండ్ల చరిత్ర ఉన్నదని మొక్కలు పట్టుకొని వెళ్లే మనము గుర్తుంచుకోవాలి.

నేలను కాపుదలలో ఉంచే పద్ధతికి అరబ్బు దేశంలో ‘హిమా’ అని పేరు. ఇస్లాంకు పూర్వం అది బలవంతుల హక్కు. తెగ నాయకుడు ఎత్తైన చోట కుక్కను మొరిగించి, ఆ అరుపు వినబడినంత మేర పచ్చికను తన మందలకే కేటాయించుకొనేవాడని, ఇతరుల పచ్చికలోనూ వాటా తీసుకొనేవాడని ఫిఖహ్ పండితులు వ్రాశారు. దైవప్రవక్త (స) ఆ స్వార్థపు హిమాను రద్దు చేసి, హిమా అనేది అల్లాహ్ కొరకు, ఆయన ప్రవక్త కొరకు మాత్రమేనని నిర్ణయించారు. అంటే ఒకరి సొంత లాభానికి కాక, ప్రజలందరి మేలు కొరకు మాత్రమే నేలను మూసి ఉంచవచ్చునని పండితులు దీనికి అర్థం చెప్పారు. మదీనా చుట్టూ చెట్లు నరకడాన్నీ, వేటాడడాన్నీ ఆయన నిషేధించారు.

హజ్రత్ ఉమర్ (రజి) కాలానికి వచ్చేసరికి ఈ పద్ధతికి ఒక గొప్ప వివరణ దొరికింది. రబజా అనే చోట ఉన్న హిమాపై ఆయన హునయ్ అనే సేవకుణ్ణి కాపలాదారుగా నియమించారు. అతనికి చేసిన ఉపదేశం సహీహ్ బుఖారీలో ఉన్నది. దాని సారాంశమిది: కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోపలికి రానివ్వు, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ గార్ల మందలను దూరంగా ఉంచు. ఆ ఇద్దరూ ప్రవక్త (స) సహచరులలో అగ్రగణ్యులు. అయినా వారి మందలు చనిపోతే వారికి ఖర్జూర తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని మంద చనిపోతే అతడు పిల్లలను వెంటబెట్టుకొని ఖలీఫా ముంగిట నిలబడతాడు. అప్పుడు బంగారం, వెండి ఇవ్వడం కంటే ఇప్పుడు గడ్డి, నీరు ఇవ్వడమే తేలిక. ఆ నేల కొరకు పోరాడినవారు వారేనని, అది తమ నేల అని వారు భావించడం న్యాయమేనని కూడా ఖలీఫా అంగీకరించారు. గొలుగొండ కొండల సంగతి తెలిసిన వారికి ఈ మాట దూరదేశపు మాటగా వినిపించదు.

ఆయనదే మరొక ఉదాహరణ. ఖైబర్‌లో తనకు లభించిన మేలైన భూమిని ప్రవక్త (స) సలహాపై ఆయన వక్ఫ్ చేశారు. ఆ భూమి అమ్మబడదు, దానమివ్వబడదు, వారసులకు పంచబడదు. దాని ఫలసాయం పేదలకు, బంధువులకు, బాటసారులకు చెందుతుంది. దానిని చూసుకొనేవాడు మాత్రం తగుమాత్రంగా తినవచ్చు, స్నేహితునికి పెట్టవచ్చు, కూడబెట్టుకోరాదు. కాపలాదారుడు ఆకలితో ఉండాలని ఎవరూ కోరలేదన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

మన దేశపు చట్టం ఈ దిశగా రావడానికి చాలా కాలం పట్టింది. 1992లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామస్థులను అడవి కాపుదలలో భాగస్వాములను చేయడానికి ఉత్తర్వులిచ్చింది. వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు సాగింది. తాము సంప్రదాయంగా కాపాడుకొంటూ వచ్చిన ఉమ్మడి అడవిని సంరక్షించే, తిరిగి పెంచే, నిర్వహించే హక్కును దాని మూడవ సెక్షను ప్రజలకు ఇచ్చింది. ఆ అడవిని, అందులోని జంతువులను, నీటి వనరులను కాపాడే బాధ్యతను అయిదవ సెక్షను హక్కుదారులపైన, గ్రామసభపైన ఉంచింది. షెడ్యూల్డు ప్రాంతం వెలుపల అడవిపై ఆధారపడి బ్రతికే గిరిజనులకు కూడా ఇది వర్తిస్తుంది.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే రాయలసీమకు వెళ్లాలి. దేశంలోని అతి తక్కువ వర్షపాతపు జిల్లాలలో ఒకటిగా పేరుబడిన అనంతపురంలో, చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడుపై టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ పని ప్రారంభించింది. ఆ నేల పచ్చబడడం చూసి, ముష్టికోవిల మొదలైన చుట్టుప్రక్కల గ్రామాల ప్రజలు తమ ఊళ్ల బంజరు కొండలను కూడా కాపాడుకోవడానికి పూనుకొన్నారు. ఆ ప్రదేశానికి కల్పవల్లి అని పేరు. అది ఏడు వేల ఎకరాలకు మించి విస్తరించింది. వారు విత్తనాలు చల్లారు, వాన నీరు నిలవడానికి గట్లు వేశారు. కాని అన్నిటికంటే ఎక్కువ శ్రమ వేసవి మంటలను ఆపడంలోనే పోయింది. మంట ఆగితే వేళ్లలో మిగిలి ఉన్న చెట్టు తనంతట తానే లేచి వస్తుంది. గడ్డి వచ్చింది, గొర్రెలకు మేత దొరికింది, ఈత ఆకుతో చీపుర్లు కట్టి స్త్రీలు ఆదాయం పొందారు. తోడేళ్లు తిరిగి కనబడ్డాయి. గ్రామస్థులు చెట్ల పెంపకందార్ల సహకార సంఘంగా ఏర్పడ్డారు.

ఆ తరువాతి సంగతి బాధాకరమైనది. రెవెన్యూ రికార్డులో ఆ కొండలు బంజరు భూములుగానే మిగిలిపోయాయి. ఇరవై ఏండ్ల శ్రమ కాగితంపైకి ఎక్కలేదు. 2010 తరువాతి సంవత్సరాలలో గాలిమరల ప్రాజెక్టు అక్కడికి వచ్చింది. కొండ శిఖరాలు తొలిచి వెడల్పాటి రోడ్లు వేశారు. వాగులలో మట్టి పేరుకొన్నది. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్లింది. గాలి నుండి విద్యుత్తు తీయడం మంచిదే. కాని బంజరు అన్న ఒక్క మాట చాటున వేలమంది చెమట కనబడకుండా పోవడం మాత్రం అన్యాయమనే మేము భావిస్తున్నాము.

అందువలన గొలుగొండ ప్రాంతంలో సేవకు పూనుకొనే యువకులు పలుగు, పార కంటే ముందు భూమి రికార్డును చేతిలోకి తీసుకోవాలి. అది రిజర్వు అడవా, ప్రభుత్వ పోరంబోకా, వక్ఫ్ భూమా, కబరస్తానా తెలుసుకోవాలి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నేల త్రవ్వడం, సదుద్దేశంతో చేసినా సరే, చట్టరీత్యా నేరం. అక్కడ అటవీ శాఖ, వన సంరక్షణ సమితి, గ్రామసభల ద్వారానే వెళ్లాలి. కబరస్తాన్ అంచులు, మస్జిద్ వక్ఫ్ స్థలాలు, బడి ఆవరణలు అయితే కమిటీ తీర్మానంతో పని మొదలవుతుంది. తొలి అనుభవానికి ఇవే మేలు.

ఏమి నాటాలన్నది ఊరివారినే అడగాలి. ఈ కొండలకు చింత, పనస, ఉసిరి, నేరేడు, కుంకుడు, కానుగ తెలిసిన చెట్లు. వీటి క్రింద తొలి రెండు మూడేళ్లు కంది, చిక్కుడు, గుమ్మడి, ఆకుకూరలు పండించుకోవచ్చు. కూర చేతికి వచ్చే ఇంటివారు మొక్కను మరచిపోరు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన పడితే, ఇక్కడ వెయ్యి మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. కనుక మొక్క బ్రతకకపోవడానికి వానపై నెపం వేయలేము. మొక్కలు చచ్చేది ఫిబ్రవరి నుండి మే వరకు: ఒకటి మంట, రెండు మేకలు, మూడు నీరు పోసేవాడు లేకపోవడం. తోట చుట్టూ ఎండుటాకులు ఊడ్చి, గడ్డి కోసి, బాటవలె ఖాళీ పట్టె ఉంచితే మంట దాటదు. జూలైలో ఫోటో దిగడానికి యాభై మంది వస్తారు, ఏప్రిల్ ఎండలో బిందె మోయడానికి అయిదుగురు వస్తే గొప్ప. ఆ అయిదుగురి పేర్లు, వారి రోజులు నాటకముందే వ్రాసుకోవాలి.

ఫలసాయం సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. మొదటి వాటా ఆ నేల ప్రక్కన ఉండే పేద ఇండ్లకు, అందులోనూ సొంత తోట లేనివారికి చెందాలి. కాపలా ఉన్నవారు తగుమాత్రంగా తీసుకోవచ్చు. జీడిమామిడి తోటలు గల ఆసామి ఎంత పెద్దవాడైనా, జమాఅత్‌కు ఎంత చందా ఇచ్చినా, అతని పశువులకు అక్కడ చోటు లేదని తీర్మానంలోనే వ్రాయించి, ఆ తీర్మానపు నకలు ఒకటి పంచాయతీలో, ఒకటి మస్జిద్‌లో ఉంచాలి. రికార్డులో ఆ స్థలం పేరు మార్పించుకొనే దరఖాస్తు కూడా ఆ కాగితంతో పాటే మొదలుపెట్టాలి. చెట్లు ఎదిగిన తరువాత చూద్దామనుకొంటే ఆలస్యమవుతుందని కల్పవల్లివారు చెప్పగలరు.