ప్రామాణిక ఏకపదుల సిద్ధాంతం

ప్రామాణిక ఏకపదుల సిద్ధాంతం బీజీయ జ్యామితిలో ఒక ముఖ్య పరిశోధనా విభాగం. సమీకరణాల సాధనలన్నింటినీ కలిపి ఒక ఆకృతిగా భావించి, దాని లక్షణాలను బీజగణితం ద్వారా అధ్యయనం చేసే శాస్త్రాన్ని బీజీయ జ్యామితి అంటారు. అటువంటి ఆకృతిని వెరైటీ అంటారు. కొన్ని ప్రత్యేక వెరైటీల మీద నిర్వచింపబడే బహుపదులకు ఒక స్పష్టమైన ఆధారాన్ని, అంటే పునరుక్తి లేని సంపూర్ణ జాబితాను, తయారు చేయడమే ఈ సిద్ధాంతపు లక్ష్యం. దీని అభివృద్ధిలో సి.ఎస్.శేషాద్రి, వి.లక్ష్మీబాయి, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యుడు చిటికిల ముసిలి ప్రధాన పాత్ర వహించారు.

నేపథ్యం

త్రిపరిమాణ అంతరాళంలో ఏవైనా నాలుగు రేఖలను తీసుకుంటే, ఆ నాలుగింటినీ తాకే రేఖలు ఎన్ని ఉంటాయి? జర్మన్ గణితవేత్త హెర్మన్ షూబర్ట్ 1879లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి లెక్కలు అనేకం ఉన్నాయి. పై ప్రశ్నకు సాధారణ స్థితిలో జవాబు 2 (సంకీర్ణ సంఖ్యలను కూడా అనుమతిస్తే). షూబర్ట్ పద్ధతులకు గట్టి పునాది కల్పించడాన్ని డేవిడ్ హిల్బర్ట్ 1900లో ప్రకటించిన 23 సమస్యలలో 15వదిగా చేర్చాడు.

ఈ లెక్కలు చేయాలంటే ముందు ఒక్కొక్క రేఖను సంఖ్యలతో గుర్తించగలగాలి. రెండు బిందువులు ఒక రేఖను నిర్ణయిస్తాయి. ఒక్కొక్క బిందువును నాలుగు సమఘాత నిరూపకాలతో రాస్తే, రేఖకు 2 వరుసలు, 4 నిలువు వరుసలు గల మాత్రిక వస్తుంది. అందులో ఏ రెండు నిలువు వరుసలను తీసుకున్నా ఒక నిర్ధారకం వస్తుంది. అలా వచ్చే ఆరు సంఖ్యలను ప్లూకర్ నిరూపకాలు అంటారు. వీటిని ప(1,2), ప(1,3), ప(1,4), ప(2,3), ప(2,4), ప(3,4) అని రాద్దాం. రేఖలన్నింటి సముదాయాన్ని గ్రాస్మనియన్ అంటారు.

ఈ ఆరు సంఖ్యలు పరస్పరం స్వతంత్రమైనవి కావు. వాటి మధ్య ఈ క్రింది సంబంధం ఎల్లప్పుడూ ఉంటుంది:

ప(1,2)·ప(3,4) − ప(1,3)·ప(2,4) + ప(1,4)·ప(2,3) = 0

ఉదాహరణకు మాత్రిక మొదటి వరుస 1, 0, 2, 3. రెండవ వరుస 0, 1, 4, 5 అనుకుందాం. అప్పుడు ఆరు నిర్ధారకాలు వరుసగా 1, 4, 5, −2, −3, −2 అవుతాయి. వీటిని పై సమీకరణంలో ఉంచితే −2 + 12 − 10 = 0 వస్తుంది.

షూబర్ట్ ప్రశ్నకు జవాబు 2 కావడానికి కారణం కూడా ఇదే. "ఇచ్చిన రేఖను తాకాలి" అన్న ఒక్కొక్క నియమం ఆరు నిరూపకాల మీద ఒక్కొక్క ఏకఘాత సమీకరణం అవుతుంది. అటువంటి నాలుగు నియమాల తరువాత మిగిలేది పైన చెప్పిన వర్గ సమీకరణం. వర్గ సమీకరణానికి మూలాలు రెండు.

ప్రామాణిక ఏకపది అంటే ఏమిటి

ఆరు నిరూపకాలను రెండేసి చొప్పున గుణిస్తే 21 ఏకపదులు వస్తాయి. వాటి మధ్య ఒక సంబంధం ఉన్నది కనుక గ్రాస్మనియన్ మీద స్వతంత్రమైనవి 20 మాత్రమే. 21లో దేనిని వదలివేయాలి? దీనికి ఒక నియమం ఉంది. ప(అ,ఆ), ప(ఇ,ఈ) లలో అ ≤ ఇ, ఆ ≤ ఈ అయ్యేటట్లు రెండింటినీ వరుసలో పెట్టగలిగితే వాటి లబ్ధం ప్రామాణికం. ప(1,4), ప(2,3) లను అలా పెట్టలేము: 1 కంటే 2 పెద్దది, కాని 4 కంటే 3 చిన్నది. కాబట్టి ప(1,4)·ప(2,3) ఒక్కటే అప్రామాణికం. దానిని ప(1,3)·ప(2,4) − ప(1,2)·ప(3,4) అని మార్చి రాయవచ్చు.

మూడేసి చొప్పున గుణిస్తే 56 ఏకపదులు వస్తాయి. వాటిలో మూడు నిరూపకాలనూ ఒకే వరుసలో పెట్టగలిగిన ప్రామాణిక ఏకపదులు 50. ఏ ఘాతానికైనా ప్రామాణిక ఏకపదులు పరస్పరం స్వతంత్రాలని, మిగిలినవన్నీ వాటి ఏకఘాత సంయోగాలని ఋజువు చేయవచ్చు. బ్రిటిష్ గణితవేత్త డబ్ల్యు.వి.డి.హాడ్జ్ 1943లో గ్రాస్మనియన్లకు, వాటిలోని షూబర్ట్ వెరైటీలకు ఈ ఫలితాన్ని సాధించాడు. షూబర్ట్ నియమాలను పాటించే రేఖల (లేదా తలాల) సముదాయాలే షూబర్ట్ వెరైటీలు.

భారతీయుల కృషి

బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో ఈ విషయం మీద కృషి 1970 దశకంలో ఊపందుకుంది. షూబర్ట్ వెరైటీలకు సంబంధించిన పోస్టులేషన్ సూత్రంపై ముసిలి వ్యాసం 1972లో వెలువడింది. 1974లో లక్ష్మీబాయి, ముసిలి, శేషాద్రి కలిసి మరొక వ్యాసం ప్రచురించారు. గ్రాస్మనియన్ ఒక ఉదాహరణ మాత్రమే. ప్రతి అర్ధసరళ బీజీయ సమూహానికీ అటువంటి వెరైటీలు ఉంటాయి. హాడ్జ్ ఫలితాన్ని వాటన్నింటికీ విస్తరించే కార్యక్రమాన్ని శేషాద్రి 1978లో ప్రారంభించాడు. ఈ వ్యాసమాల "జి/పి జ్యామితి" అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది. ఇందులో 1979లో వెలువడిన భాగాలకు లక్ష్మీబాయి, ముసిలి, శేషాద్రి సహరచయితలు. రేఖీయ, సింప్లెక్టిక్, ఆర్థోగోనల్ అనే సంప్రదాయ సమూహాల గురించి వాటిలో చర్చించారు. మిగిలిన అసాధారణ సమూహాలతో సహా అన్నింటికీ వర్తించే ఋజువును జర్మన్ గణితవేత్త పీటర్ లిట్టెల్మన్ 1990 దశకంలో తన "పథ నమూనా" ఆధారంగా రూపొందించాడు. ఆ ఫలితం 1998లో ప్రచురితమైంది.

ప్రాముఖ్యత

ఒక అంతరాళపు పరిమాణం ఎంతో తెలిస్తే చాలదా, జాబితా ఎందుకు అన్న ప్రశ్న సహజం. దీనికి చరిత్రలోనే సమాధానం ఉంది. ఫ్రెంచి గణితవేత్త మిషెల్ డెమజూర్ 1974లో షూబర్ట్ వెరైటీలకు అటువంటి లెక్కలనిచ్చే ఒక సూత్రాన్ని ప్రచురించాడు. అయితే ఆ ఋజువు ఆధారపడిన ఒక ప్రతిపాదన తప్పని విక్టర్ కాక్ ప్రత్యుదాహరణతో చూపాడు. సూత్రం మాత్రం సరైనదే. మెహతా, రామనాథన్, రమణన్, ఆండర్సన్ తదితరుల కృషితో 1985లో దానికి సరైన ఋజువులు లభించాయి. ప్రామాణిక ఏకపదులు ఆధారమని తేలిన చోట్ల ఆ తప్పు ప్రతిపాదన అవసరమే లేదు. ఏకపదులను లెక్కించడం ద్వారానే పరిమాణం తెలుస్తుంది. పైగా పద్ధతి సంకీర్ణ సంఖ్యలకే పరిమితం కాదు, ఏ క్షేత్రం మీదనైనా పనిచేస్తుంది.

బోధన, గ్రంథాలు

ముసిలి హైదరాబాదు విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశాడు. వలయాలు, మాడ్యూళ్ళపై ఒక పాఠ్యగ్రంథాన్ని, "రిప్రజెంటేషన్స్ ఆఫ్ ఫైనైట్ గ్రూప్స్" (1993), "ఆల్జీబ్రాయిక్ జామెట్రీ ఫర్ బిగినర్స్" (2001) అన్న గ్రంథాలను రచించాడు. ఇవి ఆంగ్లంలో ఉన్నాయి. చివరిది బీజీయ జ్యామితిని మొదటిసారి చదివే విద్యార్థుల కోసం ఉద్దేశించినది. శేషాద్రి గౌరవార్థం 2003లో వెలువడిన సంపుటంలో ఈ సిద్ధాంత వికాసాన్ని వివరించే వ్యాసపు మొదటి భాగాన్ని ముసిలి, రెండవ భాగాన్ని లక్ష్మీబాయి రాశారు. శేషాద్రి 2020లో మరణించాడు.