చవుక వేణువునకు సంస్కారము

సంగీతము నేర్వగోరు పిల్లవాని చేతికి మొట్టమొదట వచ్చునది ఉత్తమమైన వాద్యము కాదు. తండ్రి కొనగలిగిన వాద్యము. అది సరిగా పలుకకున్నచో పిల్లవాడు వాద్యమును నిందింపడు; తన్ను తానే నిందించుకొనును. తనకు ఊపిరి చాలదనియో, వ్రేళ్ళు తిరుగవనియో తలంచి దానిని మూలను పడవేయును. ఇట్లు మూలబడిన వేణువులలో లోపము వాద్యమునదెంత, శిష్యునిదెంత అని విచారించువారు అరుదు. ఐర్లండు, ఇంగ్లండు దేశములలో వేలకొలది చేతులలో మెలగుచున్న రేకు వేణువు విషయమున మాత్రము ఈ విచారణ శ్రద్ధతో జరిగినది. అది తెలిసికొనదగినది.

ఈ వేణువు మన పిల్లనగ్రోవివలె అడ్డముగా పట్టి ఊదునది కాదు. నిలువుగా పట్టి, మూతిని పెదవుల నడుమ నుంచుకొని ఊదవలెను. గొట్టమునకు ఆరు రంధ్రములు. మెల్లగా ఊదిన క్రింది స్థాయి, కొంచెము బలముగా ఊదిన పై స్థాయి పలుకును. ఎక్కువ ప్రచారములోనున్న డి శ్రుతి వేణువు పొడవు ఇంచుమించు ఒక అడుగు. ఇంగ్లండులోని సఫక్ మండలమున కోనీ వెస్టన్ గ్రామమునకు చెందిన రాబర్టు క్లార్కు అను వ్యవసాయ కార్మికుడు 1843లో తగరపు పూతగల రేకును చుట్టి, మూతిలో కొయ్య బిరడాను బిగించి వీనిని చేయ నారంభించెను. పనిముట్లను తోపుడుబండిలో వేసికొని, దారిలో వేణువుల నమ్ముకొనుచు, కాలినడకన మాంచెస్టరు చేరెనని చెప్పుదురు. కూలివాని కొరకు కూలివాడు చేసిన వాద్యమిది. ఇంగ్లండు మిల్లులలో పనికి వచ్చిన ఐరిష్ వలసవారికి ఇది కొనదగిన ధరలో దొరకెను.

నేడు విపణిలోనున్న చవుక వేణువులు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది క్లార్కు నాటి పద్ధతిది: క్రిందికి పోనుపోను సన్నగిల్లు రేకు గొట్టము, కొయ్య బిరడా. రెండవది జెనరేషన్, ఫెడోగ్ మున్నగు పేర్లతో వచ్చునది: మొదలు నుండి తుదివరకు ఒకే వ్యాసముగల ఇత్తడి లేక నికెలుపూత గొట్టము, దానికి తొడిగిన ప్లాస్టిక్ మూతి.

మొదటి తెగ నాదము మృదువు. స్వరముతోపాటు గాలి సవ్వడియు వినబడును. కొందరికి అదియే సౌందర్యము. కొందరికి అదియే దోషము. ఊపిరి మాత్రము మిక్కిలి వ్యయమగును. దీర్ఘమైన పాటలో వాదకుడు పదేపదే ఆగి శ్వాస తీసికొనవలెను. రెండవ తెగ నాదము తేటగా, పదునుగా నుండును; ఊపిరి తక్కువ చాలును. కాని పై స్థాయిలోని చివరి స్వరములు ఒక్కొక్కప్పుడు కీచుమనును. అచ్చులో పోసిన మూతులు అన్నియు ఒక్కతీరుగా నుండవు. కావుననే అనుభవజ్ఞులు దుకాణములో పదింటిని ఊది ఒకదానిని ఎన్నుకొనెడివారు. అట్లు ఎన్నుకొను నేర్పులేని పిల్లవాని గతి యేమి? సంస్కారము యొక్క అవసరము ఇచ్చటనే కలిగినది.

మొదట గ్రహింపవలసిన దేమన, ఈ వేణువు స్వభావమును నిర్ణయించునది గొట్టము కాదు, మూతి. ఇత్తడియా, నికెలా యను చర్చకు విలువ స్వల్పము. సన్నని దారిగుండా వచ్చిన గాలి ఎదుటి అంచును తాకి, దాని కిరుప్రక్కల ఊగులాడుటవలన నాదము పుట్టును. అంచుపై ప్లాస్టిక్ నూగు మిగిలియున్నను, గాలిదారి వంకరగా నున్నను ఆ ఊగులాట చెడును. సన్నని గరుకు కాగితముతో నూగును తీసివేయుట మొదటి చికిత్స.

రెండవది ఇంకను తేలిక. ప్లాస్టిక్ మూతులలో గాలిదారి క్రింద చిన్న గుల్ల యుండును. గోడలకు కాగితములంటించు మెత్తని జిగురుముద్దతో దానిని నింపినచో పై స్వరముల కీచుదనము చాలవరకు అణగి, నాదము నిలకడ చెందును. నచ్చకున్న ముద్దను తీసివేయవచ్చును. మూడవది శ్రుతిని గూర్చినది. మూతిని వేడినీటిలో కొంతసేపుంచిన జిగురు వదలి, మూతి ముందు వెనుకలకు జరుగును. వెలికి లాగిన శ్రుతి దిగును, లోనికి నెట్టిన ఎక్కును. ఒక్క స్వరమే హెచ్చుగా పలుకుచున్నచో ఆ రంధ్రపు పై అంచున చిన్న అంటుపట్టీ వేసిన చాలును.

క్లార్కు పద్ధతి వేణువునకు చికిత్స వేరు. కిటికీ పై రేకును వ్రేలితో కొంచెము క్రిందికి నొక్కి గాలిదారిని సన్నము చేయుదురు. ఊపిరి ఆదా యగును. పై స్థాయి సులువుగా లేచును. గాలి సవ్వడి తగ్గును. కాని సన్నని దారిలో ఊపిరి తేమ త్వరగా చేరి గొంతు పూడును. మఱియు ఏ సవ్వడిని తొలగించితిమో దానితోనే ఆ వేణువు వ్యక్తిత్వమును కొంత తొలగిపోవును. అన్నిటిని నున్నగా చేసిన పిదప రెండు తెగలు ఒకే గొంతుతో పలుకునేమో యను శంక అసంగతము కాదు.

కావున పరీక్ష నిదానముగా జరుగవలెను. చల్లని వేణువు శ్రుతి దిగియుండును గనుక ముందు ఊది వెచ్చజేయవలెను. సంస్కరించినదానిని, సంస్కరింపనిదానిని ఒకే వాదకుడు ఒకే పాటతో, ఏది యేదియో వినువారికి తెలియకుండ, మార్చి మార్చి ఊదవలెను. విలంబమైన పాటలో నాదగుణము, రీలు అను ద్రుతనృత్యగీతములో వ్రేలి వేగమునకు స్వరము బదులిచ్చు తీరు తెలియును. తిరిగి సరిదిద్దుకొనదగిన మార్పులు ముందు. కత్తి, ఆకురాయి చివర. పెద్దదైన రంధ్రము మరల చిన్నది కాదు.

వాద్యమునకు చేయు సేవ కళకు బదులు కాజాలదని కూడ చెప్పవలెను. క్లేర్ మండలములోని డూలిన్ గ్రామవాసి మీహో రస్సెల్ (1915–1994) ఈ సామాన్యమైన వేణువుపై నిరాడంబరమైన శైలిలో వాయించియే కీర్తి నందెను. 1979లో వెలువడిన మేరీ బెర్గిన్ రికార్డు దీని శక్తిని లోకమునకు చాటెను.

ఈ కథలో మన దేశమునకును చిన్న పాలు గలదు. ఫిన్‌బార్ ఫ్యూరీ యను ఐరిష్ విద్వాంసునియొద్ద భారతీయమైన వెదురు వేణువొకటి యుండెడిది. అది విరిగిపోగా, 1971లో బెర్నార్డు ఓవర్టన్ దానికి బదులుగా అల్యూమినియము గొట్టముతో మంద్రశ్రుతి వేణువును నిర్మించెను. నేటి లో విజిలునకు అదియే మూలము. విరిగిన వెదురు నుండి ఒక నూతన వాద్యము పుట్టినప్పుడు, కీచుమను చవుక వేణువు కొంచెము జిగురుముద్దతో బాగుపడుటలో వింత లేదు. వింత యేమన, ఆ ముద్దపాటి శ్రద్ధ చూపువారు లేక ఎందరు పిల్లలు తమకు సంగీతము రాదని నమ్మి ఊరకుండిరో యన్నదే.