చిన్న మాట – పెద్ద తేడా

ఇంగ్లీషు మనకు కొత్త కాదు. బస్సు, టికెట్టు, బ్యాంకు, ఫోను, టీచరు, డాక్టరు – ఇవన్నీ ఇంగ్లీషు మాటలే. బడి ముఖం చూడని అమ్మమ్మలు కూడా వీటిని రోజూ వాడుతున్నారు. మరి ఇంగ్లీషు నేర్చుకోబోతే ఎందుకు తికమక అవుతుంది?

వస్తువుల పేర్లు నేర్చుకోవడం కష్టం కాదు. పనిని చెప్పే మాటల దగ్గరే చిక్కు వస్తుంది. రావడం, పోవడం, ఇవ్వడం, చూడటం, పెట్టడం – ఇవి పనిని చెప్పే మాటలు. వీటినే క్రియలు అంటారు. ఇంగ్లీషులో క్రియ పక్కన ఒక చిన్న మాట చేరితే చాలు, అర్థం మారిపోతుంది. ఆ తేడా తెలియకపోతే డబ్బు పోవచ్చు. మందు తప్పుగా వాడవచ్చు. అందుకే ఈ సంగతి తెలుసుకుందాం.

మన తెలుగులోనూ ఉన్నదే

ముందు మన తెలుగు చూడండి. "పెట్టు" అనే మాట తీసుకుందాం.

అన్నం పెట్టింది అంటే వడ్డించింది.
దీపం పెట్టింది అంటే వెలిగించింది.
వంక పెట్టింది అంటే తప్పు పట్టింది.

మాట ఒక్కటే. పక్కన చేరిన మాటను బట్టి అర్థం మారింది. మనం పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి మనకు తికమక లేదు.

ఇంకొకటి చూడండి. "వాడు పెళ్ళాం మీద చెయ్యి చేసుకున్నాడు" అంటాం. అంటే కొట్టాడు అని. తెలుగు కొత్తగా నేర్చుకునే మనిషి ఏమనుకుంటుంది? చెయ్యి ఎలా చేసుకుంటారు అని ఆశ్చర్యపోతుంది. "పని మధ్యలో చేతులెత్తేశాడు" అన్నా అంతే. విడివిడిగా చూస్తే అర్థం తెలియదు. మొత్తం కలిపి ఒక్క మాటగా తెలుసుకోవాలి. ఇలాంటి వాటిని జాతీయాలు అంటారు.

ఇంగ్లీషులోనూ ఇంతే. మనకు వచ్చిన విద్యే. భాష మాత్రమే వేరు.

క్రియకు తోక

ఇంగ్లీషులో కొన్ని చిన్న మాటలు ఉన్నాయి. ఆన్, ఆఫ్, ఇన్, అవుట్, అప్, బ్యాక్, ఫర్, ఆఫ్టర్ – ఇలాంటివి. ఇవి క్రియ వెనక తోకలాగా వస్తాయి. తోక మారితే అర్థం మారుతుంది.

"లుక్" అంటే చూడటం.
"లుక్ ఫర్" అంటే వెతకడం.
"లుక్ ఆఫ్టర్" అంటే బాగోగులు చూసుకోవడం. పిల్లల్ని చూసుకుంటుంది అంటాం కదా, అదీ.

"పుట్" అంటే పెట్టడం.
"పుట్ ఆన్" అంటే బట్టలు, చెప్పులు వేసుకోవడం.
"పుట్ ఆఫ్" అంటే వాయిదా వేయడం.
"పుట్ అవుట్" అంటే మంట ఆర్పడం.

చూశారా? ఒక్క "పుట్" మాటకే ఇన్ని అర్థాలు. ఒక్కటి నేర్చుకుని, అంతటా అదే అర్థం అనుకుంటే మోసపోతాం.

దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2015లో కేంద్ర ప్రభుత్వం వంట గ్యాసు గురించి ఒక ప్రచారం చేసింది. దాని పేరు "గివ్ ఇట్ అప్". "గివ్" అంటే ఇవ్వడం అని మనకు తెలుసు. అందుకని సబ్సిడీ ఇస్తారు కాబోలు అనుకుంటాం. కాని "గివ్ అప్" అంటే వదులుకోవడం. కలిగినవాళ్ళు సబ్సిడీ వదులుకోండి అని ఆ ప్రచారం అర్థం. "ఇవ్వడం" ఎక్కడ? "వదులుకోవడం" ఎక్కడ? ఒక చిన్న "అప్" ఇంత పని చేసింది.

ఇంకో సంగతి. "ఆఫ్" అని మనం పలికే మాటలు ఇంగ్లీషులో రెండు ఉన్నాయి. ఒకదానికి ఒకే "ఎఫ్" అక్షరం ఉంటుంది. దానికి "యొక్క" అని అర్థం. ఇంకోదానికి రెండు "ఎఫ్"లు ఉంటాయి. స్విచ్ ఆఫ్ అనేటప్పుడు వచ్చేది ఇది. చదివేటప్పుడు అక్షరాలు లెక్కపెట్టండి.

ఫోనులో బ్యాంకు కబురు

ఇప్పుడు చాలామంది అక్కచెల్లెళ్ళ చేతుల్లో ఫోను ఉంది. బ్యాంకు నుంచి మెసేజీలు వస్తాయి. అందులో రెండు క్రియలు తప్పక గుర్తుపెట్టుకోవాలి.

"క్రెడిటెడ్" అంటే మన ఖాతాలో డబ్బు పడింది.
"డెబిటెడ్" అంటే మన ఖాతాలోంచి డబ్బు పోయింది.

వీటి పక్కన కూడా చిన్న మాటలు వస్తాయి. "టు" అంటే "కి". "ఫ్రమ్" అంటే "నుంచి". మనం "ఖాతాకి", "ఖాతా నుంచి" అని వెనక చేరుస్తాం. వాళ్ళు "టు అకౌంట్", "ఫ్రమ్ అకౌంట్" అని ముందు పెడతారు. అంతే తేడా.

ఇక డబ్బు పోయిందా, పోబోతోందా? ఇది ఎలా తెలుస్తుంది? క్రియకు ముందున్న మాటలు చూడాలి.

"హాజ్ బీన్ డెబిటెడ్" – డబ్బు పోయింది. పని అయిపోయింది.
"ఈజ్ బీయింగ్ డెబిటెడ్" – ఇప్పుడు పోతోంది.
"విల్ బి డెబిటెడ్" – ముందు ముందు పోతుంది. ఇంకా పోలేదు.

కొన్ని మెసేజీల్లో "హాజ్ బీన్" ఉండదు. ఉత్త "డెబిటెడ్" అని ఉంటుంది. అప్పుడు కూడా పోయిందనే అర్థం.

"విల్ బి" అని ఉంటే మనకు ఇంకా సమయం ఉన్నట్టు. ఎందుకు కోస్తున్నారో బ్యాంకుకు వెళ్ళి అడగవచ్చు. మెసేజీ చివర "ఇఫ్ నాట్ డన్ బై యు" అని కొన్నిసార్లు ఉంటుంది. "ఇది మీరు చేసిన పని కాకపోతే" అని దాని అర్థం. మీరు చేయకుండానే డబ్బు పోతే ఊరుకోవద్దు. వెంటనే బ్యాంకుకు చెప్పండి. 1930 నంబరుకు ఫోను చేయండి. ఫోను మోసాల మీద ఫిర్యాదు చేయడానికి దేశమంతటికీ ఉన్న నంబరు అది. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఫోనులో "పే" అని కనిపిస్తే అది కట్టడం. డబ్బు మన చేతిలోంచి పోవడం. "రిసీవ్" అంటే అందుకోవడం. ఫోనులో డబ్బు అందుకోవడానికి పిన్ నంబరు కొట్టే పని లేదు. "నీకు డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టు" అని ఎవరైనా అంటే అది మోసం.

అప్పు దగ్గర జాగ్రత్త

డ్వాక్రా సంఘాల్లో మనం అప్పులు తీసుకుంటాం. తిరిగి కడతాం. అక్కడ కూడా ఈ తోకలు వస్తాయి.

"పే" అంటే కట్టడం. ఒక్క వాయిదా కట్టినా "పే" అనే అంటారు.
"పే ఆఫ్" అంటే అప్పు మొత్తం తీర్చేయడం.
"నో డ్యూస్" అంటే బాకీ ఏమీ లేదు. అప్పు తీరాక ఈ కాగితం బ్యాంకును అడిగి తీసుకోవాలి.

"రైట్" అంటే రాయడం. "రైట్ ఆఫ్" అనే మాట వార్తల్లో వింటూ ఉంటాం. అప్పులు రైట్ ఆఫ్ చేశారు అంటారు. అంటే మాఫీ చేశారా? కాదు. వసూలు కాని బాకీని బ్యాంకు తన లెక్కల పుస్తకంలోంచి పక్కకు తీసింది, అంతే. తీసుకున్నవాళ్ళ మీద బాకీ అలాగే ఉంటుంది. బ్యాంకు మళ్ళీ అడగవచ్చు. నిజంగా మాఫీ చేస్తే దాన్ని "వేవర్" అంటారు. ఈ రెండూ ఒకటే అనుకుని వాయిదాలు ఆపేస్తే మనకే నష్టం.

"స్టాండ్" అంటే నిలబడటం. కాని "స్టాండ్ గ్యారంటీ" అంటే జామీను ఉండటం. అప్పు తీసుకున్న మనిషి కట్టకపోతే మనం కట్టాలి. ఉత్తినే పక్కన నిలబడటం కాదు. ఈ మాట ఉన్న కాగితం మీద సంతకం పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి.

మందు సీసా మీద

పిల్లల దగ్గు మందు సీసా చూడండి. "షేక్ వెల్ బిఫోర్ యూజ్" అని రాసి ఉంటుంది. పిల్లల పుస్తకంలో "వెల్" అంటే బావి. మరి మందు సీసా మీద బావి ఎందుకు? ఇక్కడ "వెల్" అంటే బాగా. "వాడే ముందు బాగా కుదపండి" అని మొత్తం అర్థం. కుదపకపోతే కొన్ని మందుల్లో మందు అడుగున చేరుతుంది. అప్పుడు పైన మందు పలచగా, అడుగున చిక్కగా ఉంటుంది. బిడ్డకు ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ పడుతుంది.

"కీప్" అంటే ఉంచడం. "కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్" అంటే పిల్లలకు అందకుండా ఉంచండి అని. "అవుట్" ఉంది కదా అని ఇంటి బయట పెట్టమని కాదు.

"బిఫోర్ ఫుడ్" అంటే తినకముందు. "ఆఫ్టర్ ఫుడ్" అంటే తిన్న తరవాత. "ఆఫ్టర్" అనే మాట మనం పైన "లుక్ ఆఫ్టర్"లో చూశాం. అక్కడ దాని అర్థం వేరు. ఇక్కడ అర్థం వేరు. పక్కన ఏముందో చూడాలి.

రెండు రకాల మాటలు ఎందుకు?

ఇంగ్లీషులో ఒకే పనికి ఇంట్లో ఒక మాట, ఆఫీసులో ఒక మాట ఉంటాయి. దీనికి కారణం ఉంది. 1066లో ఫ్రాన్సు దేశపు నార్మండీ నుంచి వచ్చిన పాలకుడు ఇంగ్లండును గెలిచాడు. కొలువులో, కోర్టులో ఫ్రెంచి మాటలు చేరాయి. చదువుకున్నవాళ్ళ లాటిన్ మాటలు కూడా చేరాయి. మామూలు జనం పాత మాటలే వాడుకున్నారు.

అందుకే ఇంట్లో "గో ఆన్" అంటారు, కాగితంలో "కంటిన్యూ" అంటారు. రెండింటికీ కొనసాగించడం అనే అర్థం. ఇంట్లో "పుట్ ఆఫ్", కాగితంలో "పోస్ట్‌పోన్". రెండూ వాయిదా వేయడమే. మన దగ్గర మాత్రం లేదా? ఇంట్లో నీళ్ళు, గుళ్ళో జలం. ఇంట్లో ఇల్లు, కాగితంలో గృహం. అలాంటిదే ఇది.

రూపం మారే క్రియలు

"గో" అంటే వెళ్ళడం. "వెళ్ళింది" అనడానికి "వెంట్" అంటారు. రెండింటికీ పోలికే లేదు. ఇదేం భాష అనిపిస్తుంది. మరి మనం "రా" అని పిలుస్తాం. వచ్చాక "వచ్చింది" అంటాం. "రా"కు, "వచ్చింది"కి పోలిక ఉందా? లేదు. అలవాటుతో వచ్చింది. "వెంట్" కూడా అలవాటుతోనే వస్తుంది.

ఎలా నేర్చుకోవాలి?

1. క్రియను ఒంటరిగా రాసుకోవద్దు. తోకతో కలిపి రాసుకోండి. "లుక్" అని కాదు, "లుక్ ఫర్ – వెతకడం" అని రాయండి.

2. ఎక్కడ చూశారో కూడా రాయండి. మందు సీసా మీదా? బ్యాంకు మెసేజీలోనా? చోటు గుర్తుంటే అర్థం గుర్తుంటుంది.

3. రోజుకు రెండు చాలు. నెలకు అరవై అవుతాయి.

4. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టవద్దు. చదివి చెప్పమని అడగండి. అడగడం నామోషీ కాదు.

5. బ్యాంకు ఫారాలు ఇంగ్లీషు, హిందీతోపాటు ఆ రాష్ట్రపు భాషలో కూడా ఉండాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. తెలుగు ఫారం ఇమ్మని అడగండి. అది మన హక్కు. ఇంగ్లీషు నేర్చుకుందాం. తెలుగునూ వదులుకోవద్దు.

చెప్పండి చూద్దాం

1. "విల్ బి డెబిటెడ్" అని మెసేజీ వచ్చింది. డబ్బు పోయిందా, పోబోతోందా?
2. "లుక్ ఫర్", "లుక్ ఆఫ్టర్" – వీటిలో పిల్లల్ని చూసుకోవడం ఏది?
3. అప్పు "రైట్ ఆఫ్" అయితే బాకీ తీరినట్టేనా?
4. మీ ఇంట్లో ఉన్న మందు సీసా, సబ్బు, నూనె ప్యాకెట్టు తీసుకోండి. వాటి మీద ఉన్న క్రియలు వెతికి పలకమీద రాయండి. పక్కింటి అక్కకు కూడా చూపించండి.