అర అంగుళం దూరంలో అసలైన ఇంజినీరింగు

నాలుగు ఇనుప పట్టీలను చతురస్రంగా బిగిస్తే ఆ చట్రం చేతిలో అటూ ఇటూ ఊగిపోతుంది. మూల నుంచి మూలకు ఇంకో పట్టీ వేసి నట్టు బిగించగానే కదలదు. రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన ఉక్కు చట్రంలో వరసగా కనిపించే త్రికోణాల మర్మమూ ఇదే. పదేళ్ల పిల్లవాడికి ఆ సంగతి వేళ్లతోనే తెలియజెప్పే బొమ్మ మెకానో.

దాన్ని కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ ఇంజినీరు కాదు, లివర్‌పూల్‌లో ఒక మాంసం దిగుమతి వ్యాపారి దగ్గర గుమాస్తా. కొడుకుల కోసం రేకు కత్తిరించి బొమ్మలు చేసేవాడు. పట్టీలన్నిటికీ సమాన దూరంలో బెజ్జాలు పెడితే క్రేన్ విప్పి అవే ముక్కలతో వంతెన కట్టుకోవచ్చని తోచింది. 1901లో పేటెంటు తీసుకున్నాడు. బెజ్జానికీ బెజ్జానికీ అర అంగుళం. ఆ కొలత నేటికీ మారలేదు కాబట్టి తాతల నాటి పట్టీకి కొత్త పట్టీ ఇట్టే అతుకుతుంది.

పెద్దలు దీన్ని వదలకపోవడానికి కారణం ఇందులో ఉత్తుత్తి యంత్రాలు లేకపోవడమే. మెకానో మగ్గం నిజంగానే గుడ్డ నేస్తుంది, మెకానో గడియారం టైము చూపిస్తుంది.

అన్నిటికన్నా అబ్బురం మాంచెస్టర్‌లో జరిగింది. అక్కడి ఆచార్యుడు డగ్లస్ హార్ట్రీ అమెరికాలో ఒక భారీ గణన యంత్రాన్ని చూసి వచ్చాడు. 1934లో శిష్యుడు ఆర్థర్ పోర్టర్‌తో కలిసి, సుమారు 20 పౌండ్ల ఖర్చుతో, దాని నమూనాను చాలావరకు మెకానో ముక్కలతోనే కట్టాడు. తిరిగే పళ్లెం మీద ఓ చిన్న చక్రం నిలబడి ఉంటుంది. సరిగ్గా మధ్యలో ఉంటే చక్రం తిరగదు, అంచుకు జరిపేకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఈ తేడాతోనే యంత్రం కలన గణితం చేస్తుంది. ఆటవస్తువే కదా అనుకోవడానికి లేదు. పరమాణువుల నిర్మాణానికి సంబంధించిన లెక్కలు అది సుమారు 2 శాతం తేడాతో తేల్చింది! కేంబ్రిడ్జిలో కట్టిన అలాంటిదే మరొకటి తర్వాత న్యూజీలాండ్ చేరింది.

వ్యాపారం మాత్రం ఒడుదొడుకుల పాలైంది. 1979లో లివర్‌పూల్ కర్మాగారం మూతపడింది. ఫ్రాన్స్‌లోని కాలే కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు 2023లో ప్రకటించారు. మన దేశంలో ఇదే పద్ధతిలో వచ్చిన ‘మెకానిక్స్’ సెట్లు ఎందరో పిల్లలకు మొదటి పానా చేతికిచ్చాయి. బ్రిటన్‌లో అభిమానుల సంఘాలు ఇప్పటికీ ప్రదర్శనలు పెడుతున్నాయి. పాత ముక్కలు దొరక్కపోతే అచ్చం అలాంటివే చేసి అమ్మే చిన్న తయారీదారులూ ఉన్నారు.