గాలిలోంచి కరెంటు: మీకు తెలుసా?

• 1467 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ మీద జయపురం ఆకాశవాణి విన్నవాళ్లు రాయగడలో చాలామందే ఉంటారు. అలాంటి ప్రసారాన్ని స్టేషన్‌కు దగ్గర్లో బ్యాటరీ లేకుండానే వినొచ్చు. పొడవాటి తీగ, ఎర్త్, కాయిల్, గలీనా స్ఫటికం, ఇయర్‌ఫోన్ ఉంటే సరి. చెవిలో మోగే పాటకు శక్తి ఆ ప్రసార తరంగానిదే. గలీనాతో తరంగాలను పట్టే పద్ధతికి జగదీశ్ చంద్ర బోస్ 1904లోనే అమెరికా పేటెంటు పొందారు.

• 2015లో వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం వైఫై రౌటర్ దగ్గర ఓ ఫిట్‌నెస్ బ్యాండ్ పెట్టింది. రెండున్నర గంటల్లో సున్నా నుంచి 41 శాతం చార్జ్ ఎక్కింది. ఆ బృందంలో వంశీ తల్లా, శ్యామ్ గొల్లకోట ఉన్నారు. ఇంటిపేర్లు మనకు కొత్తవేం కావు!

• మరి బయట గాలిలో ఎంత దొరుకుతుంది? లండన్‌లో 270 మెట్రో స్టేషన్ల బయట కొలిచి 2013లో లెక్క చెప్పారు. 1800 మెగాహెర్ట్జ్ మొబైల్ తరంగాల్లో చదరపు సెంటీమీటరుకు సగటున 84 నానోవాట్లు. వాచీ అంత యాంటెనాకు దక్కేది మైక్రోవాట్ల లెక్కలోనే. అందులోనూ కొంత సర్క్యూటే తినేస్తుంది. లండన్ నడిబొడ్డునే ఇంతైతే, కొండల చాటున సిగ్నల్ కోసం మిద్దెక్కే మన రాయగడ జిల్లా కాశీపూర్ వైపు ఊళ్ల సంగతి చెప్పేదేముంది? టవర్‌కు దూరం రెట్టింపైతే, అడ్డేమీ లేకున్నా, అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా మన ఒంట్లోని నీరు కూడా తరంగాలను పీల్చుకుంటుంది. కాబట్టి ఊరికే గాలిలో తిరిగే తరంగాలతో ఇక్కడ ఒంటికి అతికించి వేడి కొలిచే జ్వరం పట్టీ నడుస్తుందంటే నేను నమ్మను.

• కావాలని దగ్గర్నుంచి తరంగం పంపితే మాత్రం కథ వేరు. ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. టోల్ గేటు రీడర్ పంపే తరంగమే దాని తిండి.

• ఇదే సూత్రంతో 2019లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు నెలలు నిండని పసిపాపలకు బ్యాటరీ లేని పట్టీలు అతికించారు. ఒకటి ఛాతీకి, ఒకటి పాదానికి. పరుపు కింది యాంటెనా శక్తినిస్తుంటే అవి గుండె వేగం, ఊపిరి, ఆక్సిజన్ చెబుతాయి. మన్యానికి పనికొచ్చే దారి ఇదే. ఆశా కార్యకర్త ఫోన్ ఆనిస్తే ఆ క్షణానికి పట్టీ మేల్కొని ఒంటి వేడి చెప్పగలదు, టవర్ సిగ్నల్ లేకపోయినా. కాకపోతే ఆ ఫోన్లో ఎన్‌ఎఫ్‌సీ, అంటే దగ్గరకు ఆనిస్తే పనిచేసే రేడియో సదుపాయం, ఉండాలి. చవక ఫోన్లలో చాలావాటికి అది ఉండదు.