రాగి తీగకు బంగారు మాటలు

తోషిబా కంపెనీ 1983లో టోస్‌లింక్ అనే ఆడియో కేబుల్‌ను తీసుకొచ్చింది. అందులో రాగి ఉండదు, కరెంటు పారదు. సన్నటి ప్లాస్టిక్ పోగు గుండా ఎర్రటి వెలుగు మిణుకుమిణుకుమంటూ శబ్దాన్ని మోసుకెళ్తుంది. దానికి కూడా బంగారు పూత కొనలు తగిలించి, ఆ పూతనే గొప్పగా చెప్పి అమ్మేవాళ్లు ఉన్నారు. కరెంటే లేని చోట బంగారానికి పనేమిటని అడిగేవాళ్లు తక్కువ. అడగరన్న ధైర్యం మీదే కేబుళ్ల వ్యాపారంలో సగం నడుస్తోంది.

అయితే ఇది మొదటినుంచీ మోసపు వ్యాపారం కాదు. వీసీఆర్, వీసీడీ ప్లేయర్ల రోజుల్లో టీవీ వెనక పసుపు, ఎరుపు, తెలుపు కొనల తీగలు మూడు ఉండేవి. ఎరుపు, తెలుపు శబ్దానికి, పసుపు బొమ్మకు. ఆ పసుపు తీగలో వెళ్లేది అనలాగ్ సంకేతం. బొమ్మలో ఒక చోట వెలుగు ఎంతుంటే తీగలో వోల్టేజీ అంత. దారిలో ఆ వోల్టేజీ ఏ కాస్త తగ్గినా, పక్కనున్న మోటారో ట్యూబులైటు చోకో ఏ కాస్త కలిపినా, అదంతా నేరుగా తెరమీద కనపడేది. బొమ్మ మసకేసేది, అడ్డచారలు పాకేవి. తీగ 75 ఓమ్‌లకు సరిగ్గా కుదరకపోతే సంకేతం కొసన తగిలి వెనక్కి మళ్లి, మనిషి పక్కన మనిషి నీడలా ఇంకో బొమ్మ వచ్చేది. తీగ చుట్టూ రాగి అల్లిక దట్టంగా ఉంటే బొమ్మ నిజంగానే బాగుపడేది. మంచి కేబుల్ మంచి బొమ్మ అన్న మాట ఆ కాలానికి అక్షరసత్యం. తర్వాత కాలం మారింది, మాట మాత్రం మారలేదు.

మార్పు 1999లో మొదలైంది. కంప్యూటర్ నుంచి మానిటర్‌కు బొమ్మను అంకెల రూపంలోనే పంపే డీవీఐ ఆ ఏడాది వచ్చింది. దానిలోని కీలకమైన పద్ధతి అమెరికాలోని సిలికాన్ ఇమేజ్ అనే చిప్పుల కంపెనీది. ఆ పద్ధతినే టీవీకి తెచ్చి, శబ్దాన్ని కూడా అదే తీగలో కలిపి, 2002 డిసెంబరులో ఏడు కంపెనీలు హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణాన్ని విడుదల చేశాయి. హిటాచీ, పానాసోనిక్, ఫిలిప్స్, సోనీ, థామ్సన్, తోషిబా, సిలికాన్ ఇమేజ్ - ఇవీ ఆ ఏడు. సినిమా కాపీ కొట్టకుండా ఇంటెల్ తయారు చేసిన హెచ్‌డీసీపీ తాళం కూడా అందులో చేరింది. తెర నల్లబడి బొమ్మ రాకపోతే మనం తిట్టేది కేబుల్‌నే గానీ, చాలాసార్లు అసలు గొడవ ఈ తాళం దగ్గరే ఉంటుంది.

కేబుల్ కొసన 19 పిన్నులు ఉంటాయి. వాటిలో పన్నెండు, బొమ్మనూ శబ్దాన్నీ మోసే మూడు జంట తీగలకూ, వాటికి లయ చెప్పే గడియారపు జంటకూ, ఆ జంటలను కాచే తొడుగులకూ పోతాయి. మిగిలినవాటి మీద సెట్‌టాప్ పెట్టెలూ టీవీలూ మాట్లాడుకుంటాయి: నువ్వు ఏ సైజు బొమ్మ చూపగలవు, తాళంచెవి ఉందా, రిమోట్ ఎవరి చేతిలో ఉంది అని. ఒక పిన్నులో 5 వోల్టుల కరెంటు ఉంటుంది. ఇంకొకటి కేబుల్ గుచ్చిన సంగతి చెబుతుంది.

అసలు విశేషం ఆ జంట తీగల్లో ఉంది. ప్రతి జంటలోనూ ఒకే సంకేతం ఒక తీగలో ఎత్తుగానూ రెండో తీగలో పల్లంగానూ వెళ్తుంది. బయటి రొద రెండింటికీ ఒకేలా అంటుతుంది. అవతలి చివర ఉన్న చిప్పు రెండింటి మధ్య తేడా ఒక్కటే చూస్తుంది కాబట్టి రొద కొట్టుకుపోతుంది. పైగా ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు. సెకనుకు 60 ఫ్రేములుండే ఫుల్ హెచ్‌డీ బొమ్మకు ఇవన్నీ కలిపి సెకనుకు 445 కోట్లకు పైగా బిట్లు పరుగెత్తాలి. ఒక్కో బిట్టు దగ్గర అవతలి చిప్పు వేసుకునే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఇది సున్నానా, ఒకటా?

ఈ ప్రశ్నకు జవాబు సరిగ్గా వచ్చినంతసేపూ తీగ నాణ్యత బొమ్మకు అంటదు. వంద రూపాయల మనియార్డరును పోస్టుమాన్ సైకిలు మీద తెచ్చినా, జీపులో తెచ్చినా చేతికొచ్చేది వందే. జీపులో వచ్చిందని నూట పది కాదు. జవాబు తప్పడం మొదలైతే అది దాగదు. ఒక బిట్టు తప్పితే ఒక పిక్సెల్ రంగు తప్పుతుంది, తెరమీద మిణుగురుల్లా చుక్కలు మెరుస్తాయి. ఇంకా ఎక్కువ తప్పితే గీతలు వస్తాయి, శబ్దం తెగుతుంది, తెర క్షణంపాటు నల్లబడుతుంది, చివరికి ఏమీ రాదు. నలుపు ఇంకాస్త నల్లగా, చీర అంచు ఇంకాస్త పదునుగా, మొహాలు ఇంకాస్త సహజంగా కనిపించడమనేది కేబుల్ చేతిలో లేదు. చీర అంచు ఎక్కడుందో కేబుల్‌కు తెలియదు. పదును పెంచాలంటే అది తెలియాలి.

ఇప్పుడు డబ్బా మీది మాటలు చూడండి. బంగారు పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది, అంతవరకు నిజమే. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో దానికి కాస్త విలువ కూడా ఉంది. కానీ మామూలు కేబుళ్లకూ ఆ పలుచటి పూత ఉంటూనే ఉంది. బంగారం కరెంటును రాగి కంటే తక్కువగానే పారనిస్తుందన్న సంగతి డబ్బా మీద రాయరు. 'ఆక్సిజన్ లేని రాగి', 'వెండి పూత' అన్నవి వినసొంపైన మాటలు. '240 హెర్ట్జ్ కేబుల్' అన్నది మరీ తమాషా. ఆ ముద్ర వేసి అమ్మిన రోజుల్లో 240 అన్నది టీవీ తన లోపల తాను పుట్టించుకునే ఫ్రేముల లెక్క. తీగలో వెళ్లేవి చాలావరకు యాభయ్యో అరవయ్యో. 'హెచ్‌డీఎంఐ 2.1 కేబుల్' అన్నదీ తప్పు ముద్రే. వెర్షన్ నంబర్లు పరికరాలకు సంబంధించినవి. కేబుళ్ల మీద వాటిని వేయకూడదని లైసెన్సు ఇచ్చే సంస్థే నిషేధించింది.

ఈ మాటల వ్యాపారాన్ని ఒక కళగా మార్చిన ఘనత అమెరికాలో మాన్‌స్టర్ కంపెనీకి దక్కాలి. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో ఇంజనీరుగా పనిచేసిన నోయెల్ లీ 1970ల చివర్లో లావుపాటి స్పీకరు తీగలతో దాన్ని మొదలుపెట్టాడు. లావు తీగ స్పీకరుకు కొంత మేలు చేస్తుంది. ఆయన కనిపెట్టిన అసలు కిటుకు వేరే ఉంది. టీవీ మీద దుకాణదారుకు మిగిలేది కొంచెమే, కేబుల్ మీద మిగిలేది బోలెడు. టీవీ కొన్నవాడికి ఆ ఊపులోనే కేబుల్ అంటగట్టేలా సేల్స్‌మెన్‌కు తర్ఫీదు ఇచ్చారు. ఆ కంపెనీ తన హక్కుల విషయంలోనూ దూకుడే. 2008లో బ్లూ జీన్స్ కేబుల్ అనే చిన్న కంపెనీకి, మీ కొనల ఆకారం మా డిజైన్‌ను పోలి ఉందంటూ నోటీసు పంపింది. ఆ చిన్న కంపెనీ యజమాని కేబుళ్ల వ్యాపారంలోకి రాకముందు ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించిన లాయరు! ఆయన రాసిన జవాబు లోకమంతా చదివి నవ్వుకుంది.

అదే ఏడాది డెనాన్ కంపెనీ ఒకటిన్నర మీటర్ల నెట్‌వర్క్ కేబుల్‌ను 499 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. సంకేతం ఎటు వెళ్లాలో చూపడానికి దాని మీద బాణం గుర్తులు కూడా ఉన్నాయి. 2016లో ఆడియోక్వెస్ట్ అనే కంపెనీ హెచ్‌డీఎంఐ కేబుళ్లను పోల్చి చూపిన ఒక వీడియో వచ్చింది. ఖరీదు పెరిగేకొద్దీ ధ్వని మెరుగవుతున్నట్టు అందులో వినిపించింది. ఆడియో ఇంజనీరు మార్క్ వాల్డ్రెప్ ఆ ధ్వనిని కొలిచి చూస్తే కేబుల్ కేబుల్‌కూ దాన్ని చేత్తో మార్చారని తేలింది. ఆ వీడియో తాము చేసింది కాదనీ, ఒక డీలరు చేయించినదనీ కంపెనీ చెప్పింది. నిజంగా తేడా ఉంటే దాన్ని చేత్తో పుట్టించాల్సిన అవసరం ఎందుకొచ్చిందన్నది ఇక్కడ ఆలోచించాల్సిన విషయం.

అలాగని కేబుళ్లన్నీ ఒకటే అనడం కూడా సరికాదు. హెచ్‌డీఎంఐ వయసు పెరిగేకొద్దీ దాని మీద బరువూ పెరిగింది. 2002లో సెకనుకు దాదాపు 5 గిగాబిట్లు. 2006లో 10.2. 2013లో 18. 2017లో 48. 2025లో వచ్చిన 2.2 ప్రమాణంలో 96. వేగం పెరిగితే కరెంటు రాగి పైపొర మీదనే పారుతుంది, దారిలో నష్టం ఎక్కువవుతుంది. పొడవు పెరిగినా అంతే. రెండు మీటర్ల మేర 4కె బొమ్మను చక్కగా మోసిన మామూలు కేబులే పది మీటర్లయితే చేతులెత్తేయవచ్చు. అప్పుడు లోపల చిప్పు ఉన్న కేబులో, రాగికి బదులు గాజుపోగు ఉన్న కేబులో కావాలి. వాటికి ఖరీదు న్యాయమే. వాటి మీది బాణం గుర్తు కూడా న్యాయమే, ఎందుకంటే అవి ఒకవైపే పనిచేస్తాయి.

ఇప్పటి మోసం ఎక్కువగా ఇక్కడే ఉంది. ఒకప్పుడు ఖరీదైన కేబుల్ లేని మెరుగును అమ్మింది. ఇప్పుడు చవక కేబుల్ లేని శక్తిని అమ్ముతోంది. డబ్బా మీద '8కె' అని ఉంటుంది, లోపల పది గిగాబిట్ల తీగ ఉంటుంది. పేర్లు పెట్టిన సంస్థ కూడా కొనేవాడికి పెద్దగా సాయం చేయలేదు. 'హై స్పీడ్' అంటే ఇప్పుడు తక్కువ రకమని, దానిపైన 'ప్రీమియం హై స్పీడ్' 18 గిగాబిట్లకని, ఆ పైన 'అల్ట్రా హై స్పీడ్' 48 గిగాబిట్లకని సామాన్యుడికి ఎలా తెలుస్తుంది?

అందుకే కొనేటప్పుడు రెండే అడగండి: ఏ రకం, ఎన్ని మీటర్లు. అల్ట్రా హై స్పీడ్ అంటే డబ్బా మీద పరీక్ష నెగ్గినట్టు అతికించిన ముద్ర ఉండాలి. ఆ ముద్రలోని క్యూఆర్ కోడ్‌ను అధికారిక యాప్‌తో ఫోన్‌లో చూసుకోవచ్చు. మీ టీవీ చూపగల అతిపెద్ద బొమ్మను కాసేపు ఆడించండి. చుక్కలు లేకుండా, తెగకుండా ఆడితే ఇంకా ఖరీదైన కేబుల్ వల్ల ఒరిగేదేమీ లేదు. డబ్బా చెప్పిన పని కేబుల్ చేయకపోతే ఊరుకోకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. బిల్లు మాత్రం తప్పకుండా అడిగి తీసుకోండి.