ఉద్యానమున వట్టివేరు

గడ్డి యనగానే తోటమాలి చేయి బొరిగెకై వెదకును. పూలమడిలో గడ్డి యుండరాదని మనమందఱము నేర్చిన పాఠము. అయినను కొన్ని గడ్డిజాతులను కోరి తెచ్చి నాటుకొనవచ్చునని శ్రోతలకు మనవి చేయుచున్నాము. ఇవి ఏటేట విత్తనవసరము లేక, ఒకచోటనే దుబ్బుకట్టి యేండ్ల తరబడి నిలుచును.

అయితే ఏది తగును, ఏది తగదు అను వివేచన ముఖ్యము. శరత్కాలమున ఏటిగట్టులను తెల్లగా కప్పు ఱెల్లుపూల యందమును ఎవ్వరు కాదనగలరు? కాని ఱెల్లు నేలలోపల కాండములను పాకించును. దాని విత్తులు గాలిలో తేలిపోవును. ఇంట నాటినచో పొరుగు దొడ్డిని గూడ ఆక్రమించును. దానిని ఏటిగట్టుననే చూచి యానందించుట మేలు.

వట్టివేరు తీరు వేఱు. మన తోటలలో పెంచు దక్షిణదేశపు రకములు మొలకెత్తు విత్తనములను సాధారణముగా కట్టవు, ప్రక్కలకు పాకవు. దుబ్బు నిలువెత్తు పెరుగును; సన్నని యాకులు చుట్టును వంగును; ఊదాచాయ వెన్నులు వచ్చును. వేళ్ళు నిట్టనిలువుగా దిగి, అనుకూలమైన నేలలో 3 మీటర్ల లోతునకును పోగలవు. అందుచేతనే వాలునేలలలో మన్ను కొట్టుకొనిపోకుండ దీనిని అడ్డువరుసలుగా నాటుదురు. 1980వ దశకమున ప్రపంచ బ్యాంకు ఈ పద్ధతిని మన దేశమున ప్రచారము చేసినది.

నాటుటకు తొలకరి మంచి యదను. పాత దుబ్బును చీల్చి, ఆకులను జానెడు పొడవునకును, వేళ్ళను 4 అంగుళములకును కత్తిరించి, రెండు మూడు పిలకల చొప్పున నాటవలెను. అందమునకైనచో 3 అడుగుల యెడమును, మన్ను నిలుపుటకైనచో 6 అంగుళముల యెడమును చాలును. నీడలో దుబ్బు క్షీణించును గనుక ఎండ తగులుచోటు చూడవలెను. వేరూనువఱకు తడి ఆఱనీయరాదు. ఏటేట వానలకు ముందు మోకాలి యెత్తునకు కోసి, కోసిన యాకును చెట్ల పాదులలో పఱచినచో తేమ నిలుచును.

ఇక సువాసన మాట. కడవలో వేయుటకును, వేసవి తడికలకును వేళ్ళు కావలెనని యెవరికి ఉండదు? కాని వేళ్ళు త్రవ్వినచో దుబ్బు పోవును, మన్ను వదులగును. మఱుసటి వానకు ఆ మన్ను వీధి కాలువ పాలగును. కావున వాలున నున్న వరుసను ముట్టరాదు. వేళ్ళకై చదునైన మూల నాలుగు దుబ్బులు విడిగా పెంచి, ఏడాదిన్నరకు త్రవ్వుకొని, పిలకలను అచ్చటనే మరల నాటుకొనవలెను.